ఒక్క రోజు స్కీయింగ్ టికెట్ 260 డాలర్లా? కొండలన్నీ నిజంగా రెండు కంపెనీలవేనా?

డాలస్ నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "క్రిస్మస్ సెలవుల్లో నలుగురం కారులో కొలరాడో వెళ్ళాం. పిల్లలకు మంచు చూపించి, ఒక రోజు స్కీయింగ్ నేర్పిద్దామనుకున్నాం. కౌంటర్ దగ్గర పెద్దవాళ్ళ టికెట్ ఒక్కటే 260 డాలర్లన్నారు. స్కీలు, బూట్ల అద్దె, క్లాసు ఫీజు దానికి అదనం. లెక్క వేసుకుని వెనక్కి తిరిగి, గాలి ట్యూబుల మీద కూర్చుని జారే ట్యూబింగ్ చేయించి తీసుకొచ్చేశాం. కొండలన్నీ రెండు కంపెనీలు కొనేయడం వల్లే ఇలా అయిందా? వచ్చే ఏడాదికి పాస్ కొనమంటారా?"

ముందు సూటిగా జవాబు. అవును, ఆ ధరకు ప్రధాన కారణం అదే. అమెరికాలో పేరున్న స్కీ కొండల్లో చాలా భాగం ఇప్పుడు వెయిల్ రిసార్ట్స్, ఆల్టెరా అనే రెండు కంపెనీల చేతిలోనో, వాటి పాస్‌ల పరిధిలోనో ఉన్నాయి. ఆ రెండింటి వ్యాపారం నడిచేది సీజన్ పాస్‌ల మీద, అంటే ఒక్కసారి డబ్బు కట్టి చలికాలమంతా స్కీ చేసుకునే పాస్‌ల మీద. కౌంటర్ ధర అంత ఎక్కువ పెట్టేది మనల్ని పాస్ వైపు తోలడానికే. మీ కుటుంబానికి మాత్రం వచ్చే ఏడాది పెద్ద పాస్ వద్దు. మొదటి రెండు మూడు రోజులు ఏదైనా చిన్న, స్వతంత్ర కొండ మీద నేర్చుకోండి. పిల్లలకు నచ్చితే అప్పుడు పాస్ సంగతి చూడొచ్చు. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

నా గురించి రెండు మాటలు. పుట్టింది పెరిగింది ఏలూరు దగ్గర. మంచు అంటే ఐస్ ఫ్యాక్టరీలో ఊక కప్పి పెట్టిన దిమ్మలే నాకు తెలుసు. 2003లో ఉద్యోగం మీద డెన్వర్ వచ్చాను. ఆ చలికాలమే ఒక స్నేహితుడు లవ్‌ల్యాండ్ అనే కొండకు లాక్కెళ్ళి స్కీలు కట్టించాడు. టికెట్‌కు 50 డాలర్ల నోటిస్తే ఇంకా చిల్లర తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఒక్క సీజన్ కూడా మానలేదు. మధ్యలో ఆరు చలికాలాలు శని, ఆదివారాల్లో ఒక పెద్ద రిసార్ట్ స్కీ స్కూల్లో పిల్లలకు నేర్పాను. కాబట్టి కౌంటర్‌కు రెండు వైపులా నిలబడిన అనుభవం ఉంది.

ఎవరి చేతిలో ఏముంది

వెయిల్ రిసార్ట్స్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్న కంపెనీ. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, స్విట్జర్లాండ్‌లలో కలిపి 42 కొండలున్నాయి. కొలరాడోలో వెయిల్, బీవర్ క్రీక్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, యూటాలో పార్క్ సిటీ, కెనడాలో విస్లర్, సియాటిల్ దగ్గర స్టీవెన్స్ పాస్, వెర్మాంట్‌లో స్టో, ఇవన్నీ వాళ్ళవే. వాళ్ళ పాస్ పేరు ఎపిక్. 2019లో పీక్ రిసార్ట్స్ అనే కంపెనీని కొన్నప్పుడు ఒక్క దెబ్బకు 17 చిన్న కొండలు వచ్చి చేరాయి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలో ఉండే మనవాళ్ళు పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే పోకొనోస్ కొండలు జాక్ ఫ్రాస్ట్, బిగ్ బౌల్డర్ అందులో భాగమే.

ఆల్టెరా 2017లో పుట్టింది. కొలరాడోలో ఆస్పెన్ కొండలు నడిపే క్రౌన్ కుటుంబం, డెన్వర్‌లోని కేఎస్ఎల్ అనే పెట్టుబడి సంస్థ కలిసి ఇంట్రావెస్ట్ అనే స్కీ కొండల కంపెనీని, కాలిఫోర్నియాలో మామత్‌ను, యూటాలో డీర్ వ్యాలీని కొని దీన్ని తయారుచేశాయి. సొంత కొండలు ఇరవైకి దగ్గరగా ఉంటాయి. కానీ 2018లో మొదలుపెట్టిన ఐకాన్ పాస్‌లో సొంతం కాని కొండలు కూడా భాగస్వాములుగా చేరాయి. అన్నీ కలిపితే 60 దాటాయి. చివరికి డెన్వర్ నగరపాలన సొంత ఆస్తి అయిన వింటర్ పార్క్ కొండను కూడా నడిపేది ఆల్టెరానే.

ఇది నిన్న మొన్న మొదలైన కథ కాదు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కొండ ఆరపాహో బేసిన్. ఇక్కడ అందరూ ఏ-బేసిన్ అంటారు. కింద పార్కింగే దాదాపు 10,800 అడుగుల ఎత్తులో ఉంటుంది, శిఖరం 13,000 దాటుతుంది. హోటళ్ళు లేవు, షాపింగ్ వీధులు లేవు. ఈ ఒక్క కొండ కథ తెలిస్తే మొత్తం వ్యవహారం అర్థమవుతుంది.

1990ల మధ్యలో బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, ఏ-బేసిన్ మూడూ రాల్‌కార్ప్ అనే సెరియల్స్ కంపెనీ చేతిలో ఉండేవి. వెయిల్, బీవర్ క్రీక్‌ల యజమాని ఆ మూడింటినీ కొనబోతే 1997 జనవరిలో అమెరికా న్యాయశాఖ అడ్డుపడింది. డెన్వర్, బౌల్డర్ చుట్టుపక్కల వాళ్ళు వారాంతంలో కారులో వెళ్ళి రాగలిగే కొండలు కొన్నే ఉన్నాయి, అవన్నీ ఒకరి చేతిలో పడితే ధర పెరుగుతుంది, డిస్కౌంట్లు పోతాయి అన్నది న్యాయశాఖ వాదన. చివరికి ఏ-బేసిన్‌ను వదులుకుంటేనే మిగతా రెండూ కొనుక్కోవచ్చని ఒప్పందమైంది. ఏ-బేసిన్ టొరంటోకు చెందిన డండీ అనే సంస్థకు వెళ్ళింది.

యజమాని మారినా పొత్తు తెగలేదు. వెయిల్ పాస్ ఉన్నవాళ్ళు ఏ-బేసిన్‌లో కూడా స్కీ చేయడం 2019 దాకా సాగింది. జనం పెరిగిపోయి పార్కింగ్ చాలక, ఇక మావల్ల కాదని ఏ-బేసిన్ వాళ్ళే ఆ పొత్తు నుంచి బయటికొచ్చారు. ఆ మరుసటి సీజన్ ఎంత హాయిగా ఉందో నాకు బాగా గుర్తు. మనుషుల్ని కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ దగ్గర లైను తగ్గింది. ఏప్రిల్‌లో అక్కడ పార్కింగ్ ముందు వరుసను బీచ్ అంటారు. కార్ల డిక్కీలు తెరిచి, మడత కుర్చీలు వేసుకుని, పొయ్యిలు వెలిగించుకుంటారు. మేం మూడు కుటుంబాల వాళ్ళం పులిహోర డబ్బా, పెరుగన్నం పట్టుకెళ్ళి ఆ వరుసలోనే కూర్చున్నాం. పక్కన మాంసం కాలుస్తున్న పెద్దాయన మా పులిహోర రుచి చూసి, వేరుశెనగ గుళ్ళు ఏరుకుని తిన్నాడు. అలాంటి చోటు అది.

2024లో ఆల్టెరా ఏ-బేసిన్‌ను కొనేసింది. ఒక పెద్ద కంపెనీ చేతిలో అన్నీ పడకూడదని 27 ఏళ్ళ కిందట న్యాయశాఖ విడదీసిన కొండ, రెండో పెద్ద కంపెనీ చేతికి వెళ్ళింది. ఈసారి ఎవరూ ఆపలేదు. కొండను నడిపే మనుషులు ఇప్పటికీ మంచివాళ్ళే, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతాను. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

పాస్ వెనక లెక్క

సీజన్ పాస్ అనేది ఒకప్పుడు ఆ ఊరివాళ్ళు, బాగా పిచ్చి ఉన్నవాళ్ళు మాత్రమే కొనే ఖరీదైన వస్తువు. దాన్ని తలకిందులు చేసింది పెద్ద కంపెనీలు కావు. ఐడహోలో బోయిసీ పక్కన బోగస్ బేసిన్ అనే కొండ ఉంది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. 1998లో వాళ్ళు 500 డాలర్ల పాస్‌ను 199కి దించారు. జనం ఎగబడి కొన్నారు. అదే ఏడాది కొలరాడోలో వింటర్ పార్క్ నలుగురు కలిసి కొంటే 800 డాలర్లకు నాలుగు పాస్‌లు అంది. పోటీకి వెయిల్ కూడా దిగక తప్పలేదు. 2008లో వెయిల్ తన కొండలన్నిటికీ కలిపి 579 డాలర్లకు ఎపిక్ పాస్ తెచ్చింది. అక్కడి నుంచి ఆట మారిపోయింది.

ఎందుకు మారిందో మన భాషలో చెబుతాను. మా నూజివీడు వైపు మామిడి తోటలను వ్యాపారులు పూత మీదే గుత్తకు కొంటారు. రైతుకు డబ్బు ముందే చేతికొస్తుంది. ఆ తర్వాత తేనెమంచు పురుగు పట్టినా, గాలివానకు పిందె రాలినా ఆ నష్టం కొన్నవాడిది. సీజన్ పాస్ కూడా అంతే. కంపెనీ మన దగ్గర మార్చి నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా డబ్బు తీసుకుంటుంది. మంచు పడుతుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. పడకపోతే నష్టం మనది. వాతావరణం రిస్కు కంపెనీ నెత్తి మీది నుంచి స్కీ చేసేవాడి నెత్తి మీదికి మారింది. ఈ వ్యాపారంలో అసలైన మార్పు ఇదేనని నా అభిప్రాయం.

కొండలు కొంటూ పోవడానికి కూడా మూలం ఇక్కడే ఉంది. చెయిర్‌లిఫ్ట్ వందమంది ఎక్కినా రెండు వేలమంది ఎక్కినా కరెంటు, జీతాలు దాదాపు ఒకటే. మనిషి పెరిగితే ఖర్చు పెరగదు, పాస్ ఎంతమంది కొంటే అంత లాభం. కాబట్టి పాస్‌లో ఎన్ని కొండలు చేర్చితే పాస్ అంత ఆకర్షణగా ఉంటుంది. కొలరాడోలో మంచు లేకపోతే వెర్మాంట్‌లో ఉండొచ్చు, అమెరికాలో వేసవి అయితే ఆస్ట్రేలియాలో చలికాలం. షికాగో, డెట్రాయిట్ పక్కన ఉండే బుల్లి కొండలను వెయిల్ ఎందుకు కొంటోందని మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. అక్కడ నేర్చుకున్నవాడు పాస్ కొంటాడు. పాస్ ఉన్నవాడు సెలవులకు కొలరాడో వస్తాడు. వచ్చాక వాళ్ళ హోటల్‌లో ఉంటాడు, వాళ్ళ షాపులోనే స్కీలు అద్దెకు తీసుకుంటాడు, వాళ్ళ క్యాంటీన్‌లోనే తింటాడు.

మరి ఈ భారం ఎవరి మీద పడుతోంది?

మీ మీదే. ఇరవై రోజులు స్కీ చేసే నాలాంటివాడికి ఈ ఏర్పాటు నిజంగా చవక. 2025-26 సీజన్‌కు ఎపిక్ పాస్ 1,051 డాలర్లతో, ఐకాన్ 1,329 డాలర్లతో అమ్మకం మొదలైంది. ఇరవై రోజులకు భాగిస్తే నాకు రోజుకు 50 నుంచి 70 డాలర్ల లోపు పడుతుంది. ఏడాదికి ఒక్కరోజు వచ్చే కుటుంబానికి అదే కొండ, అదే లిఫ్ట్, అదే మంచు 260 డాలర్లు. వెయిల్‌లో రద్దీ రోజుల్లో కౌంటర్ ధర 300 డాలర్లు కూడా దాటిపోయింది. నాలుగు రోజుల కౌంటర్ టికెట్ల డబ్బుతో సీజనంతా తిరిగే పాస్ వస్తుందంటే, ఒక్కరోజు టికెట్‌ను ఎవరూ కొనకూడదనే ఆ ధర పెట్టారని అర్థం కావడం లేదా?

నేర్పే రోజుల్లో ఒక క్రిస్మస్ వారం నా క్లాసులోకి ఏడెనిమిదేళ్ళ తెలుగు బాబు వచ్చాడు. నూలు చేతి తొడుగులు, జీన్స్ ప్యాంటు. పది నిమిషాలకే రెండూ తడిసి గట్టిపడ్డాయి. పిల్లలకు ఆగడం నేర్పేటప్పుడు స్కీల ముందు కొసలు దగ్గరచేసి వెనక విడదీయమంటాం, ఆ ఆకారాన్ని పిజ్జా అంటాం. వాడు భయంతో బిగుసుకుపోయి ఇంగ్లిష్‌లో నేను చెప్పేది వినడం లేదు. "నాన్నా, మడమలు బయటికి తొయ్యి, నేను పట్టుకుంటాలే" అనగానే తలెత్తి చూశాడు. మధ్యాహ్నానికి ఒక్కడే యాభై అడుగులు జారి ఆగాడు. కంచె అవతల వాళ్ళమ్మ చప్పట్లు కొడుతోంది. సాయంత్రం వాళ్ళ నాన్నగారు నా చెయ్యి పట్టుకుని అన్న మాట ఇది: "చాలా థ్యాంక్స్ అండీ. కానీ మళ్ళీ రాలేం. ఈ ఒక్క రోజుకు అయిన ఖర్చుతో అమ్మానాన్నల్లో ఒకరికి ఇండియా నుంచి టికెట్ వచ్చేది." నేను ఏమీ అనలేకపోయాను. ఆ పిల్లాడి కాళ్ళు మంచి కాళ్ళు. ఇంకో రెండు రోజులు వస్తే జీవితాంతం స్కీ చేసేవాడు.

రద్దీ సంగతి

2022-23లో అమెరికా కొండలకు 6 కోట్ల 54 లక్షల సందర్శనలు నమోదయ్యాయి, అది రికార్డు. కొండల సంఖ్య మాత్రం 1980ల మొదట్లో 700 పైన ఉండగా ఇప్పుడు 500 లోపే. అన్ని మూతలకూ ఈ రెండు కంపెనీలు కారణం కాదు. చాలా చిన్న కొండలు మంచు తగ్గి, ఇన్సూరెన్స్ ఖర్చు భరించలేక, వీళ్ళు రాకముందే మూతపడ్డాయి. కానీ ఉన్న జనం పాస్‌లో ఉన్న కొండల మీదికే చేరుతున్నారు. ముందురోజు రాత్రి బాగా మంచు పడితే శనివారం ఉదయం ఐ-70 హైవే మీద డెన్వర్ నుంచి కదిలే కార్ల వరుస చూడాలి. ఇప్పుడు చాలాచోట్ల వారాంతాల్లో పార్కింగ్‌కు కూడా ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. లిఫ్ట్ ఎక్కడానికి డబ్బు కట్టి, కారు పెట్టడానికి టెన్షన్ పడుతున్నాం.

పనిచేసే మనుషులు

సియాటిల్‌లో ఉండేవాళ్ళకు 2021-22 సీజన్ గుర్తుండే ఉంటుంది. స్టీవెన్స్ పాస్‌లో మంచు దండిగా ఉంది, లిఫ్ట్‌లు నడపడానికి మనుషులు లేరు. కొండలో పెద్ద భాగం తెరవలేదు. ఆ ఏడాదికి వెయిల్ పాస్ ధర 20 శాతం తగ్గించి ఎక్కువ పాస్‌లు అమ్మింది మరి. డబ్బు ముందే తీసుకున్నారు కదా అని 40 వేలమందికి పైగా పిటిషన్ మీద సంతకాలు చేశారు. ఆ తర్వాతే కంపెనీ కనీస వేతనం గంటకు 20 డాలర్లకు పెంచింది.

2024 డిసెంబర్ 27న పార్క్ సిటీలో స్కీ పెట్రోల్ వాళ్ళు సమ్మెకు దిగారు. ఏడాది మొత్తంలో అత్యంత రద్దీ ఉండే వారం అది. స్కీ పెట్రోల్ అంటే దెబ్బ తగిలినవాళ్ళను స్లెడ్ మీద కిందికి తెచ్చేవాళ్ళు, తెల్లవారుజామున పేలుడు పదార్థాలతో మంచు చరియలు విరిగిపడే ప్రమాదాన్ని తప్పించేవాళ్ళు. వాళ్ళు అడిగింది మొదటి జీతం గంటకు 21 డాలర్ల నుంచి 23కు పెంచమని. ఏడాది ముందు నుంచి సెలవు పెట్టుకుని, వేల డాలర్లు కట్టి వచ్చిన కుటుంబాలు గంటలకొద్దీ లిఫ్ట్ లైన్లలో నిలబడ్డాయి. 13 రోజులకు రాజీ కుదిరింది, పెట్రోల్ వాళ్ళు అడిగినది చాలావరకు దక్కింది.

నేను పనిచేసిన చోట కూడా చిన్న స్థాయిలో ఇదే చూశాను. చేరిన ఏడాది నా క్లాసులో ఆరుగురు పిల్లలుండేవారు. మానేసిన ఏడాదికి పదకొండు. మెట్లు లేని కదిలే పట్టా మీద పదకొండుమంది ఐదేళ్ళ పిల్లలను ఎక్కించి చూడండి, ఒకడు పడితే వెనక నలుగురు పడతారు. నేర్పడం పోయి లేపడమే పనయ్యేది. ఫీజు మాత్రం ఏటా పెరిగింది. నాతో పనిచేసిన కుర్రాళ్ళు ఆ ఊళ్ళో అద్దె కట్టలేక గంట దూరం నుంచి మంచు రోడ్డు మీద డ్రైవ్ చేసి వచ్చేవారు. నేను మానేయడానికి అదే కారణం, పిల్లలకు న్యాయం చేయలేకపోతున్నాననిపించింది.

మంచి జరగలేదా అంటే జరిగింది. పాత, నెమ్మది లిఫ్ట్‌ల చోట వేగంగా నడిచేవి వచ్చాయి. అప్పుల్లో ఉన్న కొన్ని కొండలు బతికాయి. ఒకే పాస్‌తో నేను ఐదు రాష్ట్రాలు తిరిగాను. ఈ సదుపాయం వాడుకుంటూ తిట్టడం నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ నాకు దొరికిన చవకదనానికి డబ్బు కడుతున్నది ఆ బాబు వాళ్ళ నాన్నగారు. అది న్యాయంగా లేదు.

పోటీగా ఇంకొకరు కొండ తెరవొచ్చు కదా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ఊళ్ళో ఒక హోటల్‌వాడు రేట్లు పెంచితే ఎదురుగా ఇంకొకడు హోటల్ పెడతాడు. కొండను ఎవడూ పుట్టించలేడు. పశ్చిమాన పెద్ద కొండల్లో చాలా భాగం ఫెడరల్ అటవీశాఖ భూమి. 1986 చట్టం ప్రకారం 40 ఏళ్ళ దాకా పర్మిట్ ఇస్తారు, రాబడిలో కొంత శాతం ఫీజు కింద తీసుకుంటారు. కొత్తగా కొండ తెరవాలంటే పర్యావరణ అనుమతులకే ఏళ్ళు పడుతుంది. కొలరాడోలో పెద్ద రిసార్ట్ అనదగ్గది చివరిగా తెరిచింది బీవర్ క్రీక్, అది 1980లో. అంటే ఉన్నవాటిని ఎవరు కొంటే వాళ్ళదే రాజ్యం. ప్రజల భూమి మీద నడిచే వ్యాపారం కాబట్టి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఏడాదికి కొన్ని రోజులైనా అందుబాటు ధరలో టికెట్ ఇవ్వాలని పర్మిట్‌లోనే షరతు పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కొనుగోళ్ళ మీద నిఘా అసలే లేదని కాదు. న్యూయార్క్‌లో సిరాక్యూస్ దగ్గర రెండు కొండలున్న యజమాని 2021లో పోటీగా ఉన్న టోగెన్‌బర్గ్ అనే మూడో కొండను కొని, మూసేశాడు. రాష్ట్ర అటార్నీ జనరల్ 2022లో కోర్టుకు వెళ్ళారు, అది పోటీ చట్టానికి విరుద్ధమని 2024లో తీర్పు వచ్చింది. చిన్న ఊళ్ళో చిన్న యజమాని కూడా ఇదే పని చేయగలడని గమనించండి. సైజు పెద్దదైతేనే తప్పు జరుగుతుందని అనుకోకూడదు.

పెద్ద సామ్రాజ్యాలు శాశ్వతం కూడా కాదు. 1996లో లెస్ ఓటెన్ అనే ఆయన తూర్పున చాలా కొండలు కలిపి అమెరికన్ స్కీయింగ్ కంపెనీ కట్టాడు. అప్పుల బరువుకు ఒక్కొక్కటే అమ్ముకుంటూ 2007కల్లా అది లేకుండా పోయింది. అందులోదే వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్. దాన్ని అప్పుడు పౌడర్ అనే ఇంకో కంపెనీ కొన్నది, 2024లో మళ్ళీ స్థానిక పెట్టుబడిదారులకు అమ్మేసింది.

ఇక మీరేం చేయాలి

మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు వెయిల్ అయినా, చిన్న కొండ అయినా అదే నున్నటి రెండు వందల గజాల వాలు. ఐదు వేల ఎకరాల కొండకు డబ్బు కట్టి రోజంతా ఆ వాలు మీదే గడపడం దండగ. కొలరాడోకే రావాలనుకుంటే లవ్‌ల్యాండ్ చూడండి. ఐ-70 మీద పెద్ద సొరంగానికి డెన్వర్ వైపే ఉంటుంది, స్వతంత్రంగా నడుస్తోంది. నేర్చుకునేవాళ్ళకు లవ్‌ల్యాండ్ వ్యాలీ అని పక్కనే వేరే వాలు ఉంది, క్లాసు, అద్దె, టికెట్ కలిపి ఒకే ప్యాకేజీగా ఇస్తారు. మొనార్క్, వుల్ఫ్ క్రీక్, స్కీ కూపర్ కూడా మంచివి. మీది డాలస్ కాబట్టి అంత దూరం కూడా అక్కర్లేదు. న్యూ మెక్సికోలో రెడ్ రివర్, ఏంజెల్ ఫైర్ ఉన్నాయి, పది పదకొండు గంటల డ్రైవ్. అక్కడ పార్కింగ్‌లో సగం టెక్సాస్ నంబర్ ప్లేట్లే.

క్రిస్మస్ వారం వద్దు. మార్టిన్ లూథర్ కింగ్ వారాంతం, ప్రెసిడెంట్స్ డే వారాంతం కూడా వద్దు. ధర ఎక్కువ, జనం ఎక్కువ. చవక పాస్‌లు కొన్ని ఆ రోజుల్లో చెల్లవు, అది సన్నటి అక్షరాల్లో ఉంటుంది. జనవరి మధ్యలో మామూలు వారం మధ్య రోజులు అన్నిటికన్నా చవక. పిల్లల బడి కుదరదంటే మార్చి స్ప్రింగ్ బ్రేక్ పర్వాలేదు, ఎండ కూడా ఉంటుంది.

పెద్ద కొండకే వెళ్ళాలని పిల్లలు పట్టుబడితే డిసెంబర్ రాకముందే ఒకటి నుంచి ఏడు రోజుల పాస్ కొనండి. ఎపిక్‌లో డే పాస్ అంటారు. ఎన్ని రోజులు, ఏ కొండలు, పండగ రోజులు కావాలా వద్దా అని వాళ్ళ వెబ్‌సైట్ అడుగుతుంది. కౌంటర్ ధరతో పోలిస్తే సగానికి పైగా తగ్గుతుంది. డిసెంబర్ మొదటి వారం దాటితే అమ్మకం ఆపేస్తారు, ఆ తర్వాత ఏ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినా పని జరగదు. ఆ ఆలస్యం వల్లే మీకు మొన్న 260 అయింది.

కొండకు వెళ్ళే ముందు పాస్ ఉన్న తెలిసినవాళ్ళను ఒక మాట అడగండి. 2025-26 నుంచి ఎపిక్ పాస్ ఉన్నవాళ్ళు స్నేహితులకు సగం ధర టికెట్లు ఇప్పించగలుగుతున్నారు, ఐకాన్ వాళ్ళకు కూడా తక్కువ శాతంతో అలాంటిదే ఉంది. ప్రతి పాస్‌కు కొన్నే ఉంటాయి, మొహమాటపడకుండా ముందే అడగాలి. మా ఆఫీసులో మావి చాలా వృథాగా పోతుంటాయి.

కొలరాడోలోనే ఉంటూ ఇది చదువుతున్న తల్లిదండ్రులకు ఒక్కటి. కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి పిల్లలకు వెయిల్ కంపెనీ ఒక్కో కొండ మీద నాలుగు రోజుల చొప్పున ఉచితంగా ఇస్తుంది. శరదృతువు మొదట్లోనే రిజిస్టర్ చేసుకోవాలి. తెలియక వదిలేసుకునే తెలుగు కుటుంబాలను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

పాస్ కొన్నాక డబ్బు వెనక్కి వస్తుందా అని కొందరు అడుగుతారు. 2020 మార్చిలో కోవిడ్‌కు కొండలన్నీ మూసేశాక, పాస్‌తో పాటు కొంత రక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. దెబ్బ తగిలితే, ఉద్యోగం పోతే, కొండ మూసేస్తే కొంత వెనక్కి ఇస్తారు. మంచు సరిగా పడలేదంటే మాత్రం ఇవ్వరు. తోట పూత మీద కొన్నారు కదా.

స్కీలు, బూట్లు కొండ మీది షాపులో కాకుండా కింద ఊళ్ళో తీసుకోండి, తేడా బాగా ఉంటుంది. బూటు విషయంలో మాత్రం కక్కుర్తి పడొద్దు. బూటులో వేళ్ళు ముందు అంచుకు తగిలీ తగలనట్టుండాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. మేజోళ్ళు ఒక జత చాలు, రెండు జతలు వేస్తే రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. జీన్స్ వద్దు. నూలు చేతి తొడుగులు అసలు వద్దు.

మీ పిల్లల వయసులు, స్ప్రింగ్ బ్రేక్ తేదీలు కింద రాయండి. రెడ్ రివర్‌కు రెండేళ్ళ కిందట మా తమ్ముడి కుటుంబాన్ని తీసుకెళ్ళాను. ఏ రోజు ఏ క్లాసులో వేయాలో, ఎక్కడ దిగాలో ఆ వివరాలు మీకు సరిపోయేట్టు చెబుతాను.